సిగరెట్టు పెట్టె గారికి, పాత భక్తుడి విన్నపం

మహారాజశ్రీ సిగరెట్టు పెట్టె గారి దివ్యసముఖానికి,

హైదరాబాదు నుంచి మీ పాత భక్తుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీరు క్షేమంగానే ఉండి ఉంటారు. 2016లో మీ ముఖాన 85 శాతం మేర పుండుపడిన గొంతు బొమ్మ వేసినా మీరు చెక్కుచెదరలేదు. నేనూ అంతే. ఆ పుండు మీద బొటనవేలు ఆనించి మూత తెరవడం రెండు రోజుల్లో అలవాటయింది.

నాకు మనోబలం లేదని ఇంటా బయటా అన్నారు. ఆ నింద అబద్ధమని మీకు తెలుసు. అర్ధరాత్రి జోరువానలో, మూసేసిన మూడు పాన్‌డబ్బాలు దాటి నాలుగోదాని దాకా నడిచింది ఎవరు? దగ్గుకూ దగ్గుకూ మధ్య సందు చూసి దమ్ము లాగింది ఎవరు? మిమ్మల్ని వదిలాక అంత పట్టుదల ఇంట్లో ఊరికే పడి ఉండటం చూడలేక పరుగుకు అప్పగించాను.

నెక్లెస్ రోడ్డులో మొదటిరోజు రెండు దీపస్తంభాలు దాటి మూడోదాన్ని కౌగిలించుకున్నాను. నా చెయ్యి ఎడమ రొమ్ము తడుముకోవడం చూసి ఒక పెద్దాయన "అంబులెన్సు పిలవమంటావా బాబూ?" అన్నారు. పాపం, గుండెపోటు అనుకున్నారు. ఆ చెయ్యి మిమ్మల్ని వెతుకుతోంది. పరుగు బనియనుకు జేబు ఉండదు.

రెండేళ్లకు, ఆగస్టు ఉక్కలో, హైదరాబాద్ మారథాన్. 42.195 కిలోమీటర్లు, దారి పొడవునా ఫ్లైఓవర్లు. ముప్పై కిలోమీటర్లు దాటాక కండరాల్లో దాచుకున్న ఇంధనం, గ్లైకోజెన్, అడుగంటుతుంది. పరుగువాళ్లు దాన్ని ‘గోడ’ అంటారు. నాకు గోడ కనిపించలేదు, మీరు వినిపించారు. "కాస్త ఆగు. ఒక్క నిమిషమే. ఎవరు చూడొచ్చారు?" ‘ఒక్కటే’ అని ఇరవై ఏళ్లు నమ్మించిన గొంతును పోల్చుకోలేనా? "అలాగే, ఆ స్తంభం దాకా వెళ్లి ఆగుతాను" అన్నాను. అక్కడికి వెళ్లాక తరువాతి స్తంభం చూపించాను. మానేసిన మొదటి వారమంతా మీకు చెప్పిన అబద్ధమే అది: టీ అయ్యాక చూద్దాం, భోజనం అయ్యాక చూద్దాం. మీరు మళ్లీ నమ్మారు. అలా గచ్చిబౌలి స్టేడియం దాకా నమ్ముతూనే వచ్చారు.

ఇంట్లో మాత్రం ఈమధ్య మీకు గౌరవం పెరిగింది. "అప్పుడు అయిదు నిమిషాలు బాల్కనీలోకి వెళ్లి వచ్చేవారు. ఇప్పుడు ఆదివారం మూడు గంటలు పరుగు, ఇంకో మూడు గంటలు దాని పురాణం" అంటోంది మా ఆవిడ. బూట్ల బిల్లు చూశాక మీ ధర గురించి కూడా ఒక మంచి మాట అంది.

ఇట్లు,
మీ మాజీ

తా.క.: లైటరు భద్రంగానే ఉంది. దేవుడి గదిలో దీపం వెలిగించడానికి వాడుతున్నాం.