ఎండాకాలం సందులకు లప్పం వద్దు
చెక్క నేల సంరక్షణకు ఇచ్చిన సలహాల్లో, నేలను బకెట్లతో నీళ్లు పోసి కడగొద్దనీ, పలకల మధ్య ఎండాకాలంలో సందులు పడితే వెంటనే లప్పంతో పూడ్చేయాలనీ చదివాను. ఈ సందులు పూడ్చడం ఒక్కటి ఒప్పుకోలేను. మాది గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డున సిరొంచ. మేడ మీద గదిలో టేకు పలకలు. మే నెలలో సందులో పావలా బిళ్ల నిలబడేది. ఓ ఏడు ఆత్రంగా పూడ్పించాను. జూలై ముసురుకు కలప ఉబ్బి లప్పం పెళ్లలుగా పైకొచ్చింది, కిటికీ దగ్గర రెండు పలకల అంచులు దోనెల్లా లేచాయి. కలప పొడవునా కాదు, అడ్డంగానే ఉబ్బుతుంది మరి. ఇప్పుడు సందుల జోలికి పోవట్లేదు. మెత్తటి చీపురుతో ఊడ్చి, గట్టిగా పిండిన గుడ్డతో తుడుస్తున్నాం, అంతే. బకెట్లతో నీళ్లు పోసి కడగొద్దన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. మా అత్తమ్మను ఆ మాటకు ఒప్పించడానికే రెండేళ్లు పట్టింది.