స్పెషల్ అనే విశేషణం: అర్థం, వాడుక

హన్మకొండ నయీంనగర్‌ల స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లకు వేలకు వేలు పోస్తున్న పిల్లలారా, ఫీజు రెండో కిస్తు కట్టే ముందు ఒక్క మాట వినండి. స్పెషల్ అనే విశేషణానికి డిక్షనరీల ఏదో గొప్పది, మామూలు దానికన్న మెరుగైనది అని రాసి ఉంటది, అది లండన్‌ల చెల్లుతదేమో గని కాజీపేటల బండి దిగినంక చెల్లదు. మన దిక్కు స్పెషల్ అంటే మామూలుది బంద్ అయిందని అర్థం, ఆ ముచ్చట మొహం మీద చెప్పకుంట మర్యాదగ చెప్పే పద్ధతి అన్నట్టు.

నమ్మకపోతే గ్రామ పంచాయతీ కాన్నుంచే చూద్దాం, ఎందుకంటే ఈ విశేషణం అక్కడ మస్తు పండింది. మన తెలంగాణల సర్పంచుల టైం 2024 జనవరి ఆఖరుకు అయిపోయింది, ఎలక్షన్లు పెట్టలే, ఫిబ్రవరిల స్పెషల్ ఆఫీసర్లు దిగిండ్రు. పేరు విని ఎవరో పెద్ద సారు వస్తడని జనం అనుకున్నరు, తీరా చూస్తే మండలంల వేరే పనితోటి తల పట్టుకోని కూసున్న సారే, ఆయన మీద ఇంకో ఊరు గూడ పెట్టిండ్రు. ఆయన మన ఊరికొచ్చిన రోజును గూడ స్పెషల్ అనొచ్చు, అది వేరే వాడుక. గెలిచిన పాలకవర్గం లేదని ఢిల్లీ నుంచి వచ్చే ఫైనాన్స్ కమిషన్ పైసలు ఆగినయ్, వీధి బుగ్గ కాలిపోయినా, ట్రాక్టర్ల డీజిల్ అయిపోయినా పంచాయతీ సెక్రటరీ తన జేబుల చెయ్యి పెట్టుకున్నడు పాపం, ఇట్ల 2025 డిసెంబర్ల ఓట్లు పడేదాక ఊరు దగ్గర దగ్గర రెండేండ్లు స్పెషల్‌గనే బతికింది. 2018 ఆగస్టుల గూడ ఇదే కత, అప్పుడు సర్కారు వేరే, విశేషణం మాత్రం ఇదే. రెండు పార్టీలకు ఒకే తీరు అర్థమైన ఇంగ్లీష్ మాట నాకు తెలిసి ఇదొక్కటే.

ఇగ బస్సు. రెండేండ్లకోపారి మేడారం జాతర వస్తది, ఆర్టీసీ వేల బస్సులు స్పెషల్ అని బోర్డు పెట్టి తాడ్వాయి రోడ్డెక్కిస్తది. ఆ బస్సులు జాతర కోసం కొత్తగ పుట్టయి గదా, అటీటు ఊర్లకు తిరిగేటియే పోతయ్, అంటే జాతరకు పోయేటోనికి స్పెషల్, పోనోడు ఆటో కోసం చౌరస్తాల నిలబడాలె. టికెట్ సంగతి ఇంకా బాగుంటది. 2003ల వచ్చిన జీవో 16 ప్రకారం పండుగలకు వేసే స్పెషల్ బస్సుకు ఒకటిన్నర రెట్ల దాక తీసుకోవచ్చు, ఎందుకయ్యా అంటే బస్సు తిరిగొచ్చేటప్పుడు ఖాళీగ వస్తది, డీజిల్ ఖర్చన్న ఎల్లాలె గదా అంటరు. మనం కూసోని సీటుకు గూడ మనమే సగం టికెట్ కొడుతున్నం. సరే, మేడారం సమ్మక్కకు నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూకమేసేటోడు ఆర్టీసీకి సగం మొక్కు చెల్లించలేడా.

రైల్వేది పక్కా శాస్త్రీయ పద్ధతి. 2020ల కరోనాకు బండ్లన్నీ ఆపి మళ్ల ఒక్కొక్కటే తీసినప్పుడు నంబర్ ముంగట సున్నా పెట్టి స్పెషల్ అన్నరు. అదే బండి, అదే కూత, సిగ్నల్ కోసం ఊరి బయట ఆగుడు గూడ అదే. ప్యాసింజర్‌ల కనీస టికెట్ మాత్రం 10 రూపాయల కాడ 30 అయింది, అక్కెర లేకుంట జనం తిరగొద్దని రేటు పెంచినం అని రైల్వేనే చెప్పింది, జమ్మికుంట మార్కెట్‌కు పోయే రైతు ఏదో షికారుకు ఎక్కినట్టు. 2021 నవంబర్ల సున్నా తీసేద్దామన్నరు గని 30 మాత్రం 2024 దాక కదలలే. విశేషణం పోయింది, విశేషం మిగిలింది.

మిగిలినయ్ మీరే చెప్పుకోవచ్చు. పదో తరగతి స్పెషల్ క్లాసంటే పొద్దంత క్లాసుల కానిది పొద్దుగూకినంక అయితదని ఆశ. స్పెషల్ శానిటేషన్ డ్రైవ్ అంటే రోజూ ఊడ్వలేదని ఫ్లెక్సీ కొట్టి ఒప్పుకునుడు. చీఫ్ సెక్రటరీ కుర్చీ ఒక్కటే ఉంటది, దానికి సరిపోయేటోళ్లు పది మంది ఉంటరు, అందుకని స్పెషల్ చీఫ్ సెక్రటరీ. స్పెషల్ చాయ్ ఒక్కదాంట్ల పాలు జెర ఎక్కువుంటయని కొందరి వాదన, నేనైతే గిలాస పెద్దగయింది తప్ప ఏం చూడలే.

దీనికి వ్యతిరేక పదం ఏంది సార్ అని వెనక బెంచీ పిల్లగాడు అడుగుతడు. మామూలు. స్పెషల్ వచ్చిన కాడల్లా మామూలు మాయమైతదని ఇందాకటి నుంచి చెప్తున్న గదా, దానికొక మినహాయింపున్నది, రాసుకోండి: కొన్ని ఆఫీసులల్ల టేబుల్ కింది మామూలు ఎంత స్పెషల్ సారొచ్చినా ఆగదు.

హోంవర్క్ ఒకటే. రాత్రి పన్నెండు కొట్టంగనే నువ్వు నాకు చాలా స్పెషల్ అని మెసేజ్ వస్తే దిల్ ఖుష్ అయిపోయి స్టేటస్ పెట్టకుండ్రి, రెగ్యులర్ ఎవరో, ఇప్పుడు ఎటు పోయిండో పొద్దుగాల లేచి అరుసుకోండి.