అరిసెల పాకం: తూకం రాయాలా, గుర్తు రాయాలా?

(సంక్రాంతి పిండివంటలు చేసే తీరును కాగితం మీద పెట్టి, చుట్టాలందరికీ పంచాలని వదినా మరదళ్ల ఆలోచన. గ్రాములు, డిగ్రీలు వేసి రాయాలంటుంది మరదలు. కంటికి, చేతికి తెలిసే గుర్తులు రాయాలంటుంది వదిన. ముందుగా అరిసెల దగ్గరే వాదం మొదలైంది.)

మరదలు: కిలో బియ్యం, 750 గ్రాముల బెల్లం, 200 మిల్లీలీటర్ల నీళ్లు, 100 గ్రాముల నెయ్యి, 50 గ్రాముల నువ్వులు, పది యాలకులు. ముందు ఇది రాయనివ్వండి వదినా. 'తగినంత', 'సరిపడా' అనే మాటలు ఈ కాగితంలో ఎక్కడా ఉండకూడదు. తగినంత అంటే ఎంతో తెలిసినవాళ్లకి మన కాగితంతో పనే లేదు.

వదిన: రాయి, వద్దనను. కానీ నువ్వు చెప్పిన లెక్కలో అసలు సంగతి లేదు. ఏ బియ్యం? కొత్త బియ్యమైతే పిండి జిగురొచ్చి అరిసె సాగుతుంది. ఏడాది పాతబడ్డ దొడ్డు బియ్యం కావాలి, రేషన్ బియ్యమైనా భేషుగ్గా పనికొస్తాయి. ఇరవై నాలుగు గంటలు నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది. వడగట్టాక గుడ్డ మీద పరిచి ఆరబెట్టాలి. ఎంతసేపు? దానికి నీ దగ్గర అంకె లేదు. పిండిని గుప్పిట్లో బిగిస్తే ముద్ద నిలవాలి, బొటనవేలితో తాకితే విడిపోవాలి. అంతే రాయాలి.

మరదలు: అంకె ఉంది వదినా. కిలో బియ్యం నానాక, పైతడి ఆరాక మళ్లీ తూచమందాం. 1250 నుంచి 1300 గ్రాములు తూగాలి. అంతకంటే బాగా తగ్గితే ఆరబెట్టడం ఎక్కువైందన్నమాట. ఆ పిండితో చేస్తే అరిసె బిరుసెక్కి, అంచులు పగులుతాయి. 1350 దాటితే ఇంకా నీళ్లున్నట్టు. మిక్సీలో ముద్ద కట్టేస్తుంది. మీ గుప్పిటి గుర్తు పిండి పట్టించాకగానీ తెలియదు. నాది పట్టించకముందే చెబుతుంది.

వదిన: ఆ మాట బాగుంది. అది రాయి. కానీ పట్టించి, జల్లించి పెట్టాక పిండి మళ్లీ ఆరుతుంది. జనవరిలో ఉత్తరగాలికి అరగంట మూత లేకుండా వదిలేస్తే పైపిండి పొడారిపోతుంది. అప్పుడు నీ 1300 ఎందుకూ కొరగాదు. జల్లించిన పిండిని జల్లించినట్టే గిన్నెలోకి అదిమి, తడిగుడ్డ కప్పాలి. పాకంలో కలిపే ముందు ఇంకోసారి గుప్పిట్లో పట్టి చూడాలి. నూక మిగిలితే మళ్లీ పట్టించాలి, నూకతో అరిసె పగులుతుంది.

మరదలు: రాస్తాను. ఇప్పుడు కొలత పాత్ర సంగతి. పాతకాలం వాళ్లు సోలా తవ్వా అని చెబుతారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. లెక్క వరకూ కుదురుతుంది, కానీ సోల గిన్నె అన్ని ఊళ్లలో ఒక్కలా ఉండదు.

వదిన: ఏ ఊరిదైనా నష్టం లేదే! బియ్యానికీ బెల్లానికీ అదే గిన్నె వాడితే పాళ్లు మారవు కదా. తూకం లేని ఇల్లు ఉంటుంది కానీ గ్లాసు లేని ఇల్లుండదు.

మరదలు: బియ్యానికి మారవు, బెల్లానికి మారతాయి. తరిగిన బెల్లం గ్లాసులో వదులుగా పోస్తే ఒక తూకం, నొక్కి పోస్తే ఇంకొకటి. ఒక్క గ్లాసులోనే మూడో వంతు తేడా రావచ్చు. అరిసెల్లో ఆ తేడాకి చలిమిడి కుదరదు. ఉప్పు చూడండి: చెంచా మెత్తటి ఉప్పు ఆరు గ్రాముల దాకా తూగుతుంది, అదే చెంచాలో గల్లుప్పు పోస్తే అంత తూగదు. 'మూడు చెంచాల ఉప్పు' అని సకినాలకి రాస్తే ఒకరింట్లో చప్పగా, ఇంకొకరింట్లో నోట్లో పెట్టుకోలేనట్టుగా వస్తాయి. కిలోకి 18 గ్రాములు అంటే ఏ ఉప్పైనా సరిపోతుంది.

వదిన: ఉప్పు విషయంలో ఒప్పుకుంటున్నాను. బెల్లం కూడా తూచే వేయమందాం. కానీ పాకం దగ్గరికొస్తే అంకెలు పక్కన పెట్టాలి. అక్కడ మాత్రం నేను చెప్పింది చెప్పినట్టు రాయి: బెల్లం కరిగాక వడగట్టి, ఇసుక, చెరకు పీచు తీసేయాలి. మందపాటి గిన్నెలో మళ్లీ పొయ్యి మీద పెట్టాలి. నురగ పెద్ద బుడగల నుంచి చిన్న బుడగలకి మారి, గరిటె బరువెక్కినట్టు అనిపించినప్పటి నుంచి చూడటం మొదలుపెట్టాలి. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే కరగకుండా నిలవాలి. వేళ్లతో దగ్గరికి లాగితే మెత్తటి ఉండ కావాలి, నీళ్లలోంచి తీసి పట్టుకుంటే మెల్లగా కుంగాలి. అది అరిసెల పాకం. పళ్లేనికి విసిరితే టంగుమనేది వేరుశెనగ అచ్చుల పాకం. అక్కడిదాకా పోతే అరిసెలు రాళ్లే.

మరదలు: మీరు చెప్పిన మెత్తటి ఉండకి ఒక వేడి ఉంది వదినా. 112 నుంచి 116 డిగ్రీల మధ్య. పాకంలో నీరు తగ్గేకొద్దీ అది మరిగే వేడి పెరుగుతుంది కాబట్టి థర్మామీటర్ పెట్టి చూస్తే నీరెంత మిగిలిందో తెలిసిపోతుంది. చెమ్మ పట్టిన బెల్లమైనా, ఎండు బెల్లమైనా, నీళ్లు ఒక గరిటె ఎక్కువ పోసినా ఫరవాలేదు, ఆ నీరంతా మరిగి పోయాకే 114 చూపిస్తుంది. మీ పళ్లెంలో నీళ్లో? ఫ్రిజ్ నీళ్లు పోస్తే లేత పాకం కూడా ఉండ కట్టినట్టు కనిపిస్తుంది. తేమగా ఉన్న వంటింట్లో గోరువెచ్చని నీళ్లు పోస్తే సరైన పాకం కూడా జారిపోతుంది.

వదిన: కుళాయి నీళ్లు అని రాస్తే ఆ చిక్కు తీరుతుంది, ప్రతిసారీ నీళ్లు మార్చమని కూడా రాయి. మరి నీ 114 విశాఖలో చేసేవాళ్లకా, హైదరాబాదులో చేసేవాళ్లకా? హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తు. అక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. బెంగళూరులో ఉన్న మనవాళ్లకి ఇంకా తక్కువ, 97. నీ అంకె పట్టుకుని వాళ్లు 114 దాకా ఆగితే పాకం ముదిరిపోతుంది.

మరదలు: నిజమే, అందుకే ఉత్త 114 అని రాయను. ముందు నీళ్లు మరగబెట్టి అందులో థర్మామీటర్ పెట్టాలి. అది ఎంత చూపిస్తే దానికి 14 కలపాలి. హైదరాబాదులో 112, బెంగళూరులో 111. థర్మామీటర్ తప్పు చూపిస్తున్నా ఈ లెక్కలో అదీ సర్దుకుంటుంది.

వదిన: సరే, ఊళ్ల సంగతి తేలింది. బెల్లం సంగతి తేలలేదు. చెరకు గానుగాడి ఈ చలికాలంలోనే వచ్చిన కొత్త బెల్లం, అనకాపల్లి దిమ్మ, ఒకరకంగా పాకం పడుతుంది. నిరుటి వానలకి చెమర్చి, నల్లబడి, కొంచెం పులిసిన బెల్లం ఇంకోరకం. ఆ పులుపుకి అందులోని చక్కెర విరిగిపోయి ఉంటుంది. అలాంటి బెల్లం నీ అంకె చూపించే సరికి కూడా లోపల నీరు ఎక్కువ మిగిలే ఉంటుంది, ఉండ కట్టదు. థర్మామీటర్ అయ్యిందంటుంది, చలిమిడి నూనెలో పడగానే పిండిపిండిగా చెదిరిపోతుంది. నీళ్ల పళ్లెం అబద్ధం చెప్పదు, ఎందుకంటే మనకి కావలసింది ఉండ, డిగ్రీ కాదు.

మరదలు: దీనికి నా దగ్గర జవాబు లేదు. పులిసిన బెల్లం కొనొద్దని రాయగలను. తునక విరిచి నాలుక మీద పెట్టుకుంటే పులుపు, ఉప్పదనం తగలకూడదు, వేళ్లకి జిగురు అంటకూడదు. కానీ ఇంట్లో ఉన్నదే వాడేవాళ్లూ ఉంటారు.

వదిన: అందుకే పళ్లెం ముందు, డిగ్రీ తర్వాత.

మరదలు: కాదు వదినా, డిగ్రీ ముందు, పళ్లెం తర్వాత. మొదటిసారి చేసేవాళ్లకి ఎప్పుడు చూడటం మొదలుపెట్టాలో తెలియదు. గరిటె బరువెక్కడం వాళ్లకి ఎలా తెలుస్తుంది? మరిగే వేడికి 10 కలిపిన దగ్గర పళ్లెంలో చుక్క వేయడం మొదలుపెట్టమందాం. అక్కడి నుంచి ప్రతి అర నిమిషానికీ ఒక చుక్క. ఆఖరి మాట పళ్లేనిదే, అది మీకే వదిలేస్తున్నాను.

వదిన: ఆ వరస నాకు నచ్చింది. ఇంకో సంగతి రాయకపోతే రెండూ దండగే. పావుకిలో బెల్లంతో చేసేవాళ్లకి గిన్నె అడుగున పాకం రెండు వేళ్ల మందం కూడా ఉండదు, థర్మామీటర్ కొన పాకంలో మునగదు, గిన్నె అడుగు వేడి చూపిస్తుంది. వాళ్లు పళ్లేన్నే నమ్మాలి. ఐదు కిలోలు చేసేవాళ్లకి ఇంకో చిక్కు. బరువైన ఇత్తడి గిన్నెలో పొయ్యి ఆపినా పాకం ముదురుతూనే ఉంటుంది. వాళ్లు ఉండ బాగా మెత్తగా ఉన్నప్పుడే దింపి, పిండి పోసే మనిషి, కలిపే మనిషి ఇద్దరూ సిద్ధంగా ఉండాలి.

మరదలు: పెద్ద గిన్నెకి రెండు డిగ్రీల ముందే దింపమని రాస్తాను. పిండి ఎంత పోయాలి? జల్లించిన పిండి మొత్తం తూచి పక్కన పెట్టుకుంటే...

వదిన: మొత్తం పోయకూడదు! ఒక గుప్పెడు పక్కన ఉంచే కలపాలి. నెయ్యి, నువ్వులు, యాలకుల పొడి వేసి, పొయ్యి ఆపి, ఒకరు చల్లుతుంటే ఒకరు గరిటె తిప్పాలి. వేడిగా ఉన్నప్పుడు చలిమిడి గరిటె నుంచి జారేంత పలచగా కనిపించాలి. చల్లారాక గట్టిపడుతుంది. వేడి మీదే గట్టిగా అనిపించేదాకా పిండి పోసినవాళ్లకే అరిసెలు విరుగుతాయి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, దీన్ని వేరే వాక్యంగా రాయి. మీద కాస్త నెయ్యి రాసి, మూత పెట్టి, కనీసం రెండు గంటలు వదిలేయాలి.

మరదలు: చెడితే సరిచేసే దారి కూడా రాద్దాం. ముందు ఒక్క అరిసె వేసి చూడాలి. నూనెలో చెదిరితే పాకం లేత, పక్కన ఉంచిన తడిపిండి కలపాలి. గట్టిగా వస్తే పాకం ముదురు, వేడి పాలు ఒక్కో చెంచా చిలకరించి మర్దించాలి. ఇక నూనె, 165 డిగ్రీలు. మించితే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటుంది, తగ్గితే నూనె తాగుతుంది.

వదిన: చిటికెడు చలిమిడి వేస్తే అడుగుకి వెళ్లి నింపాదిగా పైకి రావాలి. వేసీవేయగానే తేలితే నూనె కాగిపోయినట్టు. రెండూ రాయి. అరిసె తీశాక రెండు చిల్లుల గరిటెల మధ్య నొక్కి నూనె పిండాలి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వెచ్చగా పెడితే మూతకి పట్టిన ఆవిరి కిందికి దిగి బూజు పట్టిస్తుంది.

మరదలు: సున్నుండలకి మనకి వాదం లేదనుకుంటాను. అరకిలో మినపగుళ్లు, 400 గ్రాముల బెల్లం, 200 గ్రాముల నెయ్యి.

వదిన: లేదు. సన్న సెగ మీద ఎర్రగా వేయించమను, పచ్చివాసన పోవాలి. అంతే.

మరదలు: తెలంగాణ చుట్టాల కోసం సకినాలు. కిలో బియ్యం తడిపిండి, 200 గ్రాముల నువ్వులు, 20 గ్రాముల వాము, ఆ 18 గ్రాముల ఉప్పు. గుడ్డ మీద చుట్లు తిప్పాక అరగంట ఆరనివ్వాలి.

వదిన: అరగంట కొట్టేయి. మంచు పట్టిన రోజు గంటైనా చాలదు, ఎండ కాసిన మధ్యాహ్నం ఇరవై నిమిషాలకే పొడారి చుట్లు పగులుతాయి. కింది గుడ్డ చెమ్మ పీల్చుకున్నాక, అట్లకాడ పెట్టి ఎత్తితే సకినం చెదరకుండా ఒక్కటిగా లేవాలి. అలా లేచినప్పుడే నూనెలో వేయాలి.

మరదలు: గుర్తే రాస్తాను. మరి చెక్కలకి కూడా 'పప్పు నానేదాకా' అని గుర్తే రాయమంటారా?

వదిన: వద్దు. చెక్కల దగ్గర అంకె కావాలి. పప్పు సరిగ్గా నానకపోయినా, చెక్కకి చిల్లులు లేకపోయినా లోపలి ఆవిరికి దారి దొరక్క చెక్క పేలుతుంది, కాగే నూనె మొహం మీద చిమ్ముతుంది. అక్కడ ఎవరి అంచనాకీ వదలకూడదు. కిలో పిండికి 100 గ్రాముల పచ్చిసెనగపప్పు, ఒక గంట నానాలి, పూర్తిగా వడగట్టాలి. చెక్క ఒత్తాక ఫోర్కుతో ఆరేడు చోట్ల పొడవాలి, వేసేటప్పుడు పిల్లలు పొయ్యి దగ్గర ఉండకూడదు. ఇది పెద్ద అక్షరాలతో, వంట పేరు కిందే రాయి.