డిసెంబర్‌లో మొక్కలు నాటకండి, చెరువు కాడికి పోండి

చలి మొదలైతే చాలు, మన సీమలో ప్రతి సంఘానికీ ప్రకృతి గుర్తొస్తుంది. కార్తీక వనభోజనాలతో మొదలై సంక్రాంతి దాకా ఇదే సందడి. ఒక ఫ్లెక్సీ, షామియానా, రెండు స్పీకర్లు, నూరు మొక్కలు, పది ఫొటోలు. ఉసిరి చెట్టు కింద భోంచెయ్యాలని ఎక్కడో ఉన్న ఉసిరి కొమ్మ నరికి తెచ్చి షామియానా గుంజకు కట్టే మహానుభావులూ ఉన్నారు. ఉగాదికి ఆ మొక్కల కాడికి ఒకసారి పోయి చూడండి. ఎండుపుల్లలు కనబడతాయి.

నాటినోళ్ళ మనసు మంచిదే. లెక్కే తప్పు. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఎక్కువ వాన పడేది సెప్టెంబర్‌లో, తర్వాత అక్టోబర్‌లో. డిసెంబర్ దాటితే మళ్ళీ జూన్ దాకా నమ్ముకోదగ్గ వాన లేదు. డిసెంబర్ చివర్లో నాటిన మొక్క వేరు లోతుకు దిగకముందే మార్చి ఎండలు మీద పడతాయి. దాన్ని బతికించాలంటే మొక్కకు వారానికి 10 లీటర్ల చొప్పున 24 వారాలు పొయ్యాల. నూరు మొక్కలకు 24,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఐదు. ఫ్లెక్సీ కొట్టించే రోజే ట్యాంకర్ల డబ్బు పక్కన పెట్టినోళ్ళు ఎంతమంది? చేతులు ఊరుకోకపోతే ఈ చలికాలం గుంతలు తీసిపెట్టండి. పొడవు, వెడల్పు, లోతు అన్నీ అడుగున్నర. తీసిన మట్టి ఎండకు మగ్గుతుంది. జులై, ఆగస్టులో వాన పడినాక మొక్క పెట్టండి.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. గడ్డి బీళ్ళలో మొక్కలు నాటడం. రికార్డులో ‘బంజరు’ అని రాసుంటే చాలు, అది పనికిరాని భూమి అనుకుంటారు. బోదగడ్డి మొలిచిన బీడు అడవి చచ్చి మిగిలిన నేల కాదు సామీ, అది గడ్డి నేలగానే పుట్టింది. గొర్రెలకు మేత, జింకలకు చోటు, తోడేళ్ళకు ఇల్లు. రోళ్ళపాడునే చూడండి. ఒకప్పుడు కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసింది అట్లాంటి గడ్డి నేలనే. చలికాలంలో మధ్య ఆసియా నుంచి పిల్లిగద్దలు వచ్చి పగలంతా చేలమీద తక్కువ ఎత్తులో తిరిగి మిడతలు ఏరుకుంటాయి. పొద్దు గూకేటప్పుడు గుంపులుగా వచ్చి గడ్డిలో నేలమీదే పడుకుంటాయి. వాటికి చెట్టు అక్కర్లేదు. అక్కడ చెట్లు పెంచి గడ్డిని చంపితే పడుకునే చోటు పోయినట్టే. రైతుకు మిడతలు తినిపెట్టే పక్షిని పచ్చదనం పేరు మీద తరిమేస్తాం అన్నమాట.

మరి చలికాలంలో జనాన్ని కూడగట్టి ఏం చెయ్యాల? చూడాల. మన చెరువుల్లో నీళ్ళు నిండుగా ఉండేదీ, వలస పక్షులు ఉండేదీ ఇప్పుడే. ఫిబ్రవరి దాటితే చాలా బాతులు తిరుగుదారి పడతాయి.

పిట్టల్ని చూసేదానికి చెరువు నడక పెట్టడం కష్టం కాదు గానీ, నూటికి తొంభై మంది మొదటి అడుగులోనే తప్పు చేస్తారు. పొద్దు వీపు వెనక ఉండాల. పొద్దున పోతే చెరువుకు తూర్పు పక్క నిలబడి పడమరకు చూడాల. కట్ట పడమర ఉందని కట్టెక్కి చూస్తే ఎండ కంట్లో కొడుతుంది, నీళ్ళమీద ప్రతి పిట్టా నల్లగా నీడలాగే కనబడుతుంది. పిల్లోళ్ళు పది నిమిషాల్లో ఫోన్లు తీస్తారు. అట్లాంటి చెరువుకు సాయంత్రం నాలుగున్నరకు పోండి. ముందురోజే ఒకరు పోయి గట్టు, బురద, కంపచెట్లు చూసి రావాల.

జనవరిలో మన దగ్గర పొద్దు పొడిచేది ఆరూ ముప్పావుకు అటూ ఇటూ. ఆరున్నరకంతా చెరువు కాడ ఉంటే చాలు, నాలుగింటికే లేపి పిల్లోళ్ళను హింస పెట్టాల్సిన పనిలేదు. గుంపులో పన్నెండు నుంచి పదిహేను మంది. నలభై మంది వస్తామంటే రెండు ఆదివారాలు పెట్టండి, ఒకే రోజు తోలుకుపోతే వెనక నడిచేవాళ్ళకు ఎగిరిపోయే పిట్టల తోకలే దక్కుతాయి. నడక రెండు కిలోమీటర్లు మించొద్దు. తొమ్మిదికి ముగించండి, తర్వాత ఎండ ఎక్కి నీళ్ళమీద ఆవిరి ఆడుతుంది, ఏదీ సరిగా ఆనదు.

బైనాక్యులర్ ముగ్గురికి ఒకటి ఉంటే సరిపోతుంది. 8×42 అని రాసున్నది తీసుకోండి. ఎనిమిది అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. ఎక్కువ రెట్లుంటే గొప్ప అనుకుని ఇరవై రెట్ల జూమ్ బొమ్మలు కొంటారు, చెయ్యి వణుకు కూడా ఇరవై రెట్లవుతుంది. చాలామందికి ‘నాకేం కనబడలే’ అనిపించేది అద్దాలు సరిచేసుకోక. ముందు కుడి కన్ను మూసి, ఎడమ కంటితో చూస్తా నడిమధ్య చక్రం తిప్పి స్పష్టంగా చేసుకోవాల. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటి దగ్గర ఉండే రింగు తిప్పాల. కళ్ళజోడు ఉన్నోళ్ళు కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి తిప్పేసుకోవాల. ఇంకొక కిటుకు: పిట్ట మీద పెట్టిన చూపు తియ్యకుండా బైనాక్యులర్‌ను కళ్ళ కాడికి ఎత్తండి. తల దించి, బైనాక్యులర్ పెట్టుకుని పిట్టను వెతికితే ఎప్పటికీ దొరకదు.

మొదటి రోజే నలభై పేర్లు చెప్పి దడిపించొద్దు. పది చాలు. నామం కోడి, నీటికాకి, లకుముకి, పాలపిట్ట, పసిరిక పిట్ట, తెడ్డుమూతి కొంగ, నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ళ కొంగ, బాపన బాతు, గూడబాతు. తెల్లకొంగల్లో ఏది చిన్నది ఏది నడిమిది అన్న రచ్చ మూడో నడకకు పెట్టుకోండి. తలమీద రెండు నల్ల పట్టెలుండే బాతులు కనబడితే మాత్రం పిల్లోళ్ళను ఆపి చెప్పండి, అవి హిమాలయాలు దాటి వచ్చినవి.

గుంపును లెక్క పెట్టడానికి ఒక పద్ధతుంది. ముందు పది పిట్టల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర పరుచుకున్నాయో కంటితో పట్టుకోండి. ఆ మేర గుంపంతటిలో ఎన్నిసార్లు పడుతుందో చూసి పదితో గుణించండి. ఇద్దరు వేరువేరుగా లెక్కేసి పోల్చుకుంటే తప్పు తగ్గుతుంది. నోట్సులో తేదీ, మొదలుపెట్టిన టైము, ముగిసిన టైము, నిలబడిన చోటు, నీటిమట్టం తూముకు ఎంతలో ఉందో రాయాల. మట్టం రాయకపోతే వచ్చే ఏడు పిట్టలు తగ్గితే నీళ్ళు లేకనా, ఇంకేదన్నా కారణమా తేల్చలేరు. ఆసియా దేశాల్లో నీటిపక్షుల గణన జరిగేది జనవరి నడిమిలో. మీ చెరువు లెక్క కూడా ఏటా అదే వారంలో, అదే చోటునుంచి తీస్తే పదేళ్ళకు అది ఊరి ఆస్తి.

ఫొటోల పిచ్చోళ్ళతోనే అసలు బాధ. ఎగిరే ఫొటో కావాలని రాళ్ళు వేస్తారు, డ్రోన్ లేపుతారు. వేల మైళ్ళు వచ్చిన బాతు ఇక్కడ తినేది తిరుగుప్రయాణానికి కొవ్వు పట్టడానికి. లేపిన ప్రతిసారీ ఆ కొవ్వు కరుగుతుంది. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఇండ్ల మధ్య చెట్లమీద గూళ్ళు పెడతాయి. ఊరోళ్ళు తరతరాలుగా కాపాడుకొస్తున్నారు. అక్కడికి బస్సేసుకుని పోయి గూళ్ళ కింద చప్పట్లు కొట్టడం కంటే ఇంట్లో పడుకోవడం పుణ్యం.

దారి చూపేదానికి పట్నం నుంచి నిపుణుణ్ణి పిలవాలని ఆగిపోయేవాళ్ళున్నారు. గొర్రెలు కాసే అన్నను అడగండి. అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ దొరికిందంటే, శాస్త్రవేత్తల వెతుకులాటకు ఐతన్న లాంటి ఊరిమనిషికి తెలిసిన విద్య తోడవబట్టే. ఆ అన్నకు పూట కూలి ఇవ్వండి, శాలువా కప్పి పంపెయ్యకండి. అట్లాగని కలివికోడిని చూస్తామని లంకమల అడవి కంపల్లోకి రాత్రిపూట టార్చిలేసుకుని పోవద్దు. అభయారణ్యం, రిజర్వు అడవి ఎక్కడైనా అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాల.

జాగ్రత్తలు దాటెయ్యొద్దు. కళ్యాణదుర్గం, పెనుకొండ పక్క గుట్టల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, చీకటి విడవకముందు గుట్ట మొదట్లోకి పిల్లోళ్ళతో పోవద్దు. గండికోట లాంటి చోట్ల బండచరియలకు కొండ తేనెపట్లు ఉన్నాయేమో చూసుకోండి. కింద పొగ పెట్టినా, ఘాటైన సెంటు పూసుకుపోయినా లేస్తాయి. లేస్తే నిలబడి చేతులు విసరకుండా ముఖం కప్పుకుని పరుగెత్తాల. గట్టు లేని పాత బావులు చేలల్లో ఉంటాయి. రక్తపింజరి ఎండకు దారిమీదే పడుకునుంటుంది, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి. పొద్దున చలికి స్వెటరు వేసుకుని నీళ్ళు మరిచిపోతారు, మనిషికి లీటరైనా ఉండాల.

పొయ్యి మాత్రం వెలిగించొద్దు. జనవరి గడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఉగ్గాని ఇంట్లోనే చేసుకుపోండి, ఇరవై మందికి రెండు కిలోల బొరుగులు సరిపోతాయి. మోదుగాకు విస్తర్లు, ఎవరి గ్లాసు వాళ్ళది. థర్మాకోల్ ప్లేటు తెచ్చినోళ్ళ చేతే సంచి మోయించండి.

రాత్రి కార్యక్రమం కావాలంటే డిసెంబర్ 13, 14 తేదీల్లో జెమినిడ్ ఉల్కలు రాలతాయి. పదింటి తర్వాత ఊరి లైట్లకు దూరంగా మిద్దెమీదనో కళ్ళంలోనో వెల్లకిలా పడుకుంటే చాలు. చీకటికి కళ్ళు అలవాటు పడేదానికి 20 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఎవడో ఫోన్ తీస్తే మళ్ళీ మొదటికొస్తుంది. వెన్నెల ఉన్న ఏడాది ఉల్కలు తక్కువ కనబడతాయి. ఖాళీ టైములో పిల్లలకోడి, గొల్లకావడి అనే చుక్కల గుంపులు ఎక్కడున్నాయో అవ్వల చేత చెప్పించండి.

ఖర్చంటారా? నాలుగైదు బైనాక్యులర్లు, ఒక నోట్సు, బొరుగులు. ఈ ఆదివారం కుదరకపోతే వచ్చే ఆదివారం పోండి. చెరువుకు తూర్పు పక్క దారుందో లేదో మాత్రం శనివారమే చూసుకోండి.