పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారు

ఈసారి ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో ముగ్గుల పోటీ బాగుంది. భోగిపళ్ళు బాగున్నాయి. అరిసెలు ఎప్పటికంటే మెత్తగా కుదిరాయి. భోజనాల క్యూ కూడా గంట లోపే కదిలింది. ఈసీ (సంఘం కార్యవర్గం) వాళ్ళు నెల రోజులు నిద్రలు మానుకుని పనిచేశారని తెలుసు కాబట్టి ఇవన్నీ ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇక మీదట చెప్పబోయేది వాళ్ళకి అంతగా రుచించదు.

పిల్లల సినిమా మెడ్లీకీ ట్రస్టీల సన్మానానికీ మధ్య మా పెద్దల జూడో బృందానికి ఎనిమిది నిమిషాలు ఇచ్చారు. మెడ్లీలు సాగి సాగి అవి ఐదయ్యాయి. అది మన సంఘంలో ఎవరికీ కొత్త కాదు, దాని గురించి పేచీ లేదు. మా బృందంలో ఒకావిడ ఉన్నారు. పేరు రాయను గానీ ఆవిడ చేతి పులిహోర తినని వాళ్ళు మనలో ఉండరు. యాభై దాటాయి. తెల్ల గి (జూడో దుస్తులు) వేసుకుని స్టేజీ మీదకి వచ్చారు. నేను ఓగోషి అనే పట్టు వేస్తే నా నడుము మీదుగా తిరిగి వీపు మీద పడ్డారు. అరచెయ్యి మ్యాట్‌ని చరిచిన చప్పుడు వెనక వరసల దాకా వినిపించింది. లేచారు, మళ్ళీ పడ్డారు. నాలుగోసారి పడేసరికి మైకు పట్టుకున్న కుర్రాడు "అయ్యయ్యో ఆంటీ గారూ, నడుము ఉందా? హాల్లో డాక్టర్లెవరైనా ఉన్నారా అండీ?" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. మన హాల్లో డాక్టర్లకి కొదవా? వాళ్ళూ నవ్వారు.

ఆ తర్వాత ఐటం, తైక్వాండోలో బ్లాక్ బెల్ట్ వచ్చిన పిల్లలకి శాలువాలు కప్పడం. తొమ్మిదేళ్ళ వాళ్ళు, పదేళ్ళ వాళ్ళు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా ఆవిడ... అంటే మా బృందంలోని ఆవిడ, ఆ వారం క్లాసుకి రాలేదు. ఫోన్ చేస్తే, "ఎందుకులే తమ్ముడూ, ఈ వయసులో నవ్వులపాలు" అన్నారు. ఇంకా రాలేదు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. మైకు ఇచ్చి నవ్వించమన్నాం, నవ్వించాడు. నా పేచీ ఆ నవ్వుతోనూ, ఆ తర్వాత వచ్చిన చప్పట్లతోనూ. బెల్టు వస్తే గొప్ప, పడితే తమాషా అని మనం అనుకుంటున్నాం. జూడో తెలిసినవాళ్ళని అడిగి చూడండి, ఆ సాయంత్రం స్టేజీ మీద చేసినవాటిలో అన్నిటికంటే కష్టమైనది ఆవిడ పడటమే.

1882లో జిగోరో కానో టోక్యోలో ఒక గుడిలో పన్నెండు చాపల గదిలో జూడో మొదలుపెట్టాడు. ఈ తెల్ల బెల్టులూ నల్ల బెల్టులూ ఆయన తెచ్చిన పద్ధతే. కానీ జూడో క్లాసులో మొదట నేర్పేది ఉకెమి, అంటే దెబ్బ తగలకుండా పడటం. అది రానివాళ్ళని ఎవరూ ఎత్తి వెయ్యకూడదు. జపాన్ స్కూళ్ళలో 1983 నుంచి మూడు దశాబ్దాల లోపు వందమందికి పైగా పిల్లలు జూడో వల్ల చనిపోయారు. చాలామందికి తగిలింది తలకే. వాళ్ళలో సరిగ్గా పడటం ఇంకా ఒంటపట్టని కొత్త పిల్లలు ఎంతోమంది. అందుకే మా సెన్సే, అంటే గురువు, రిటైరైన పోస్టల్ ఉద్యోగి, మహా పొదుపుగా మాట్లాడే మనిషి, మొదటి వారాల్లో మాకు ఒక్క పట్టు కూడా నేర్పలేదు.

పార్క్ డిస్ట్రిక్ట్ (ఊరి పార్కులూ ఆటల హాళ్ళూ చూసే సంస్థ) వాళ్ళ హాల్లో ఆ మొదటి సాయంత్రం నాకు బాగా గుర్తు. పక్క గదిలో ఎవరో జుంబా చేస్తున్నారు, ఆ పాటలన్నీ ఇటే వస్తున్నాయి. ముందు గొంతుక్కూర్చుని వెనక్కి దొర్లమన్నాడు. గడ్డం ఛాతీకి ఆనించి, కళ్ళు బెల్టు ముడి మీద పెట్టాలి. తల నేలకి తగలకూడదు. రెండు చేతులూ ఒంటికి కాస్త ఎడంగా చాపి మ్యాట్‌ని గట్టిగా చరచాలి. మోచెయ్యి ముందు పెట్టావో, విరిగినట్టే. తర్వాత పక్కకి. తర్వాత నిలబడి. తర్వాత ముందుకి దొర్లి, లేచి, మళ్ళీ. మధ్యలో రొయ్యలా నడుము ముడుచుకుంటూ మ్యాట్ ఈ చివర నుంచి ఆ చివరకి వెల్లకిలా పాకడం. మర్నాడు పొద్దున్న గరాజ్‌లోంచి కారు వెనక్కి తియ్యబోతే మెడ తిరగలేదు. అద్దాలు చూసుకుంటూ అంగుళం అంగుళం జరిపాను. దగ్గితే పొట్ట నొప్పి. గంటసేపు తలని గాల్లో ఆపడానికి మెడా పొట్టా ఎంత చాకిరీ చేశాయో అప్పుడు తెలిసింది. ఆ కండరాలని అంతకుముందు నడకా పలకరించలేదు, ట్రెడ్‌మిల్లూ పలకరించలేదు.

కొన్నాళ్ళకి రండోరిలోకి, అంటే ఎదురెదురుగా పట్టుకుని కలబడే సాధనలోకి, దించాడు. ఎదురుగా కాలేజీ పిల్ల, బరువులో నాకు సగముంటుంది. రెండు నిమిషాలు. గి కాలర్ కాన్వాసు గుడ్డలా బిరుసుగా ఉంటుంది, దాన్ని వదలకుండా పట్టుకోవాలి. ఆ పట్టుకోవడమే మనిషిని పిండేస్తుంది. పిడికిలి బిగిసి ఉన్నంతసేపూ ముంజేతి కండరాలకి రక్తం సరిగ్గా ఆడదు. పైగా భయంతో ఊపిరి బిగబట్టేస్తాం. అవతలి మనిషి ఎప్పుడు లాగుతుందో, ఎప్పుడు నెడుతుందో తెలియదు కాబట్టి కాళ్ళు ఒక్క క్షణం కూడా తీరిగ్గా నిలబడవు. పరుగులో అలిస్తే వేగం తగ్గించుకోవచ్చు. ఇక్కడ ఆ బేరం కుదరదు. గంట కొట్టాక నీళ్ళ సీసా మూత తిప్పబోతే వేళ్ళు రాలేదు. ఆ పిల్లే తీసిచ్చి, "థాంక్యూ సర్" అని నవ్వుతూ వెళ్ళింది. మా ఆఫీసు కుర్రాడొకడు, మారథాన్లు పరిగెత్తేవాడు, సరదాకి ఒకసారి వచ్చి రెండో రౌండుకే గోడకి చేరగిలబడ్డాడు. పరుగుకి పనికొచ్చే దమ్ము వేరు, కుస్తీకి పనికొచ్చే దమ్ము వేరు.

మనవాళ్ళు ఒళ్ళు కదపరని అనను. వేసవి వస్తే సబ్‌డివిజన్ చుట్టూ వాకింగ్ బృందాలు ఎన్నో. వాలీబాల్ ఉంది, ఆడవాళ్ళకి త్రోబాల్ ఉంది. ఏటా 5కె వాక్ ఉంది, దాని చివర సమోసాలూ ఉన్నాయి. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకి చెప్పిన లెక్కలో వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ సగమే. కండరాలకి బలమిచ్చే పని వారంలో కనీసం రెండు రోజులు చెయ్యమన్నది మిగతా సగం. మనం మొదటి సగాన్ని ఫోన్లో అడుగులు లెక్కపెట్టుకుని సరిపెట్టుకుంటున్నాం. ఆ పది వేల అడుగుల లెక్క కూడా 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటరు అమ్మడానికి పుట్టిందే. రెండో సగం మన ఇళ్ళలో ఎవరికీ పట్టదు, ముఖ్యంగా నలభై దాటిన ఆడవాళ్ళకి. బరువులెత్తితే మగాళ్ళలా అయిపోతారని ఇప్పటికీ అనేవాళ్ళు మనలో ఉన్నారు. ఆ మాట అనే పెద్దాయన ఈ వ్యాసం కూడా చదువుతారని తెలుసు.

ఇక్కడ అందరూ ఒక మాట అంటారు: మన తాతల కాలంలో ఇవన్నీ అక్కర్లేదండీ, ఆ రోజులే వేరు. మా తాతగారిది విజయనగరం దగ్గర పల్లెటూరు. ఆయన తెల్లవారుజామున తాలింఖానాకి, అంటే ఊరి వ్యాయామశాలకి, వెళ్ళేవారు. ఎర్రమట్టి, నువ్వుల నూనె వాసన, గోడకి ఆనించిన గదలు, సంగిడి రాళ్ళు. దండీలు, బస్కీలు తీసి, కర్రసాము చేసి, ఇంటికొచ్చి చద్దన్నం తినేవారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడి గురించి ఆయన చెబుతుంటే మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్నాడట, మోటారు కార్లని లాగి ఆపాడట, సొంతంగా సర్కస్ నడిపాడట. కలియుగ భీముడని ఊరికే అనలేదు. ఇదంతా నాకు ముద్దే. కానీ ఊళ్ళో అందరూ దండీలు తీసేవారనడం అబద్ధం. తీసేది పది మంది. మిగతావాళ్ళకి పొలంపని సరిపోయేది. చదువుకున్న ఇళ్ళలో అయితే ఒళ్ళు పెంచేవాడికి బుర్ర ఉండదని మాట. ఇక తాలింఖానాలోకి ఆడపిల్ల అడుగు పెట్టడమా! మా అత్తయ్య చిన్నప్పుడు కర్ర తిప్పడం చూసి నేర్చేసుకుని పెరట్లో తిప్పితే, అదే తాతగారు ఆ కర్ర లాక్కుని పొయ్యిలో పెట్టారు. మా ఇంట్లో ఇప్పటికీ దాన్ని నవ్వుకుంటూ చెప్పుకుంటారు. అత్తయ్య మాత్రం నవ్వదు.

ఆ వైపు నుంచే, శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్క పల్లె నుంచి వెళ్ళి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కరణం మల్లీశ్వరి రెండు రకాల ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో, మళ్ళీ 2023లో బాక్సింగ్ ప్రపంచ విజేత అయింది. వాళ్ళ ఫోటోలు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని తిరిగాయో లెక్క లేదు. మరి మన మధ్యే ఉన్న యాభై ఏళ్ళ మనిషి మ్యాట్ మీద పడి లేస్తే నవ్వొస్తుంది.

పిల్లల శాలువాల సంగతికొస్తాను. పిల్లల్ని తక్కువ చెయ్యడం లేదు, వాళ్ళు చెమటోడ్చిన మాట నిజమే. కానీ తైక్వాండోలో బెల్టులిచ్చే కొరియా కేంద్రం కుక్కీవాన్ 15 ఏళ్ళ లోపు పిల్లలకి పూమ్ అనే పిల్లల స్థాయి ఇస్తుంది. దాని బెల్టు సగం ఎరుపు, సగం నలుపు. ఇక్కడి స్ట్రిప్‌మాల్ స్కూళ్ళలో చాలాచోట్ల టెస్టుకో ఫీజు కడుతూ పోతే తొమ్మిదేళ్ళకే నిండు నలుపు. ఆ బెల్టు రాగానే క్లాసు మానిపించి సాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) కోచింగ్‌లో వేసిన ఇళ్ళు నాకు చాలా తెలుసు. పతకాల యావ జూడో పుట్టిన చోటా ఉంది. అక్కడ చిన్న పిల్లల చేత బరువు తగ్గించడాలు, పక్క నుంచి పెద్దవాళ్ళు రిఫరీల మీద అరవడాలు ఎక్కువయ్యాయని 2022లో జపాన్ జూడో సమాఖ్య ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ వ్యక్తిగత పోటీనే ఎత్తేసింది. మనం స్టేజీ మీద శాలువా కూడా ఎత్తెయ్యలేమా? పిల్లవాడు లోపల తన్నులు ప్రాక్టీస్ చేస్తుంటే అమ్మానాన్నలం బయట కారు హీటర్ ముందు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాం. ఆ పిల్లవాడికి మనం నేర్పుతున్నది ఏమిటంటే, వ్యాయామం చిన్నప్పుడు చేసి ముగించే హోంవర్కు అని.

అవతలి వాదనా ఉంది, కాదనను. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో శనివారం అంటే కూచిపూడి, మనబడి తెలుగు క్లాసు, కాస్ట్‌కోలో సరుకులు. మోకాళ్ళు అరిగినవాళ్ళకి జూడో వద్దు, వెన్నుపూస సమస్య ఉన్నవాళ్ళకి అసలే వద్దు. బీపీకీ షుగర్‌కీ మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా మ్యాట్ ఎక్కకూడదు. నలభై దాటాక మొదలుపెడితే రండోరి తొందర అస్సలు పనికిరాదు. మొదటి నెలలు పడటం, దొర్లడం, గొంతుక్కూర్చుని లేవడం చాలు. నిజానికి చాలామందికి అదే సరిపోతుంది.

ఎందుకంటే మన ఊళ్ళో చలికాలం అంటే బ్లాక్ ఐస్, నేల మీద కంటికి కనపడని మంచు పొర. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు మెయిల్‌బాక్స్ దగ్గర జారి తుంటి విరగ్గొట్టుకున్న కథలు మనలో ప్రతి ఇంటికీ తెలుసు, ఇన్సూరెన్స్ వాళ్ళతో తగువులు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కింద పడి చనిపోయేవాళ్ళు ప్రపంచంలో ఏటా 6,84,000 మంది. వాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ నగరంలో పెద్దవాళ్ళు పడిపోకుండా ఉండటానికి నేర్పే కార్యక్రమంలో మార్షల్ ఆర్ట్స్ నుంచి తీసుకున్న పడే పద్ధతులు కూడా ఉన్నాయి. అంటే మన స్టేజీ మీద ఘొల్లుమని నవ్వింది దేన్ని చూసో, అక్కడ దాన్ని కూర్చోబెట్టి నేర్పుతున్నారు.

కాబట్టి ఈసీ వారికీ, ట్రస్టీలకీ నా విన్నపం. అక్టోబర్ నుంచి మార్చి దాకా ఆదివారం పొద్దున్న మన కమ్యూనిటీ హాలు ఖాళీగానే ఉంటుంది. రెండు గంటలు ఇవ్వండి. మా సెన్సే డబ్బు అడగనన్నాడు. వేవర్ ఫారం (దెబ్బ తగిలితే సంఘాన్ని బాధ్యుల్ని చెయ్యమని రాసిచ్చే కాగితం) ఎలా ఉండాలో పార్క్ డిస్ట్రిక్ట్ వాళ్ళది చూసి రాసుకోవచ్చు. స్టోరేజీ యూనిట్‌లో శ్రీనివాస కల్యాణం సెట్టుకి చోటుంది, దసరా కటౌట్లకి చోటుంది, పది మ్యాట్లకి ఉండకపోదు. పడటం, లేవడం, కాస్త కర్రసాము, దండీలు, బస్కీలు, అంతే. బెల్టులుండవు. ముందు పిల్లల్ని దింపి వెళ్ళే అమ్మానాన్నలే రండి. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి కుర్చీ పట్టుకుని లేచే వ్యాయామాలు వేరుగా ఒక మూల చేయిద్దాం. వచ్చే ఉగాదికి మా బృందానికి స్టేజీ మీద చోటు అడగం, ఆ ఎనిమిది నిమిషాలూ మెడ్లీకే ఇచ్చుకోండి.

పులిహోర ఆవిడ దగ్గరికి మాత్రం ఈసీ నుంచి ఎవరైనా ఒకరు వెళ్ళి మాట్లాడాలి. నేను వెళ్తే తమ్ముడు బతిమాలుతున్నాడనుకుంటారు. మైకు పట్టుకున్న కుర్రాడినే పంపినా మంచిదే, పనిలో పనిగా అతన్నీ క్లాసుకి రమ్మనండి. వచ్చేవాళ్ళు గాజులు, గొలుసులు, వాచీలు ఇంట్లో పెట్టి, చేతులవీ కాళ్ళవీ గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుని రావాలి. మా సెన్సే తలుపు దగ్గరే చూస్తాడు, పొడుగ్గా ఉంటే వెనక్కి పంపిస్తాడు.