ఐడ్లింగ్ నిలవని పాత బండికి కొత్త కార్బురేటరే మందా?

పాత మోటారుసైకిళ్లు నడిపే హైదరాబాద్ మిత్రుల మధ్య కొంతకాలంగా ఒక వాట్సాప్ సందేశం తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. దాని సారాంశం ఇది: బుల్లెట్ గానీ యెజ్డీ గానీ సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్ నిలవక (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ ఉండలేక) ఆగిపోతోందంటే, గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ అరిగిపోయినట్టే, కొత్తది వేయించాలి, అంతవరకు ఐడ్లింగ్ స్క్రూ బిగించి రేసు (ఇంజిన్ తిరిగే వేగం) పెంచుకోవాలి, మిక్చర్ స్క్రూ పూర్తిగా బిగిస్తే మైలేజీ కూడా కలిసివస్తుంది, పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాల జెట్లు మూసుకుపోతే సూదితో పొడవాలి, హైదరాబాద్ ఎత్తు మీద ఉన్న ఊరు కాబట్టి మెయిన్ జెట్ చిన్నది వేయాలి, ఇవేవీ పనిచేయకపోతే తప్పంతా ఇథనాల్ పెట్రోలుది.

ఈ సలహాల్లో ప్రతిదానికీ ఎక్కడో ఒక బండి విషయంలో ఆధారం దొరకవచ్చు. కానీ చెప్పిన వరుస తలకిందులుగా ఉంది. ఐడ్లింగ్ చెడిన బండికి కార్బురేటర్ విప్పడం చివర్లో చేయవలసిన పని, దాన్ని మార్చడం ఆ తర్వాతి మాట.

ఎందుకంటే ఐడ్లింగ్ అన్నది ఇంజిన్‌లోని ప్రతి లోపమూ బయటపడే చోటు. కార్బురేటర్‌లో గాలి దారిని తెరిచే స్లైడ్ దాదాపు మూసుకొని ఉండటం వల్ల ఆ సమయంలో ఇంజిన్ పీల్చే గాలి అతి కొద్ది, కార్బురేటర్‌కూ హెడ్డుకూ మధ్య వాక్యూమ్ మాత్రం చాలా ఎక్కువ. అందువల్ల అరవై కిలోమీటర్ల వేగంలో లెక్కలోకే రాని వెంట్రుకంత సందు, ఇక్కడ మొత్తం గాలిలో చెప్పుకోదగ్గ వాటా లాగేస్తుంది. సిలిండర్‌లో గాలీ పెట్రోలూ కలిసిన కొత్త మిశ్రమం తక్కువ, కాలిపోయిన పాత పొగ ఎక్కువ ఉంటాయి కనుక బలహీనమైన స్పార్క్ దాన్ని అంటించలేక తడబడుతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కనుక సరిగా మూసుకోని వాల్వు గుండా కంప్రెషన్ కారిపోవడానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. ఇలా వాల్వులను కదిలించే టాపెట్, స్పార్క్‌ను పుట్టించే పాయింట్లు, అతుకుల మధ్య ఉండే ప్యాకింగ్, ఆయిల్ సీల్, ఐడ్లింగ్‌కు పెట్రోలు అందించే స్లో జెట్ అన్నీ చేసే తప్పుకు లక్షణం ఒక్కటే: బండి ఆగిపోవడం. లక్షణం ఒకటైనంత మాత్రాన దోషి ఒకరే అని తీర్మానించడం ఆ సందేశంలోని అసలు పొరపాటు.

మరి ముందు చూడవలసినవేమిటి? కాస్ట్ ఐరన్ ఇంజిన్ ఉన్న పాత బుల్లెట్‌లో టాపెట్లు. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తర్వాత, కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పైకి వచ్చినప్పుడు వాల్వును తెరిచే కడ్డీని, అంటే పుష్‌రాడ్‌ను, రెండు వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. తిరగడానికి మొరాయిస్తోందంటే వాల్వు పూర్తిగా కూర్చోవడం లేదని అర్థం. ఆ తర్వాత ప్లాటినం పాయింట్లు. బుల్లెట్‌కు వాటి మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్ల ముఖం నల్లగా కాలి గుంటలు పడి ఉంటే, వాటి మధ్య నిప్పురవ్వలు ఎగరకుండా ఆపే కండెన్సర్‌ను అనుమానించాలి. పాయింట్ల ప్లేటు వెనుక ఉండి, వేగాన్ని బట్టి స్పార్క్ సమయాన్ని మార్చే ఆటో అడ్వాన్స్ స్ప్రింగులు సాగిపోతే, యాక్సిలరేటర్ వదిలేసినా రేసు వెంటనే దిగదు, కొంతసేపు పైనే వేలాడి ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోయి ఇంజిన్ ఆగుతుంది. ఈ వేలాడటాన్ని చూసి కార్బురేటర్‌ను నిందించేవారే ఎక్కువ. ఇవన్నీ పరీక్షించడానికి సందులు కొలిచే ఒక ఫీలర్ గేజీ, ఒక స్క్రూడ్రైవర్, రెండు స్పానర్లు చాలు. ఖర్చు లేదు.

గాలి లాగడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను కళ్లారా చూసిన ఉదాహరణ అక్కడే ఉంది. మా వీధిలో ఉండే ఒక పెద్దాయన దగ్గర 1980ల నాటి బుల్లెట్ ఉంది. మెహిదీపట్నం చౌరస్తా దాకా బ్రహ్మాండంగా వెళ్లి, సిగ్నల్ పడగానే టప్‌మని ఆగేది. ఆయన ఈ సందేశాన్ని నమ్మి కొత్త కార్బురేటర్ కొని బిగించారు. బండి మునుపటిలాగే ఆగింది. నాకు తెలిసిన ఒక ఉస్తాద్ (పాత మెకానిక్) దగ్గరకు తీసుకెళ్తే, ఆయన పనిముట్ల పెట్టె తెరవకుండా ఒక చిన్న బ్రష్షూ సబ్బు నీళ్లూ తెప్పించారు. ఇంజిన్ నడుస్తుండగా హెడ్డుకూ కార్బురేటర్‌కూ మధ్యనున్న అతుకు మీద బ్రష్షుతో ఆ నీళ్లు అద్దగానే, నురగ లోపలికి పోయి ఇంజిన్ దడ ఒక్క క్షణం మారింది. "హవా లాగుతోంది సార్, కొత్త డబ్బా పెట్టి ఏం ఫాయిదా?" అన్నారు.

కార్బురేటర్ విప్పి, మధ్యలో వేడి తగలకుండా ఉంచే బేకలైట్ ముక్కను చేతిలోకి తీసుకొని, దాని ముఖం మీద స్టీలు స్కేలు నిలువుగా ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టారు. రెండు చివర్లా స్కేలు ముక్కకు తగులుతోంది, నడుమ సన్నని వెలుగు గీత. ఏళ్ల తరబడి ఎవరో ఒకరు రెండు నట్లనూ బలంకొద్దీ బిగించడం వల్ల ఆ ముక్క వంగిపోయింది; పైన ఎండిన సీలెంట్ పొరలు పొరలుగా ఉంది. కొత్త కార్బురేటర్ ఆ వంకర ముక్క మీదనే కూర్చుంది కాబట్టి జబ్బు అలాగే మిగిలింది. చాలామంది మెకానిక్కులు ఈ పరీక్షకు పెట్రోలు చల్లుతారు. వేడెక్కిన సైలెన్సర్ పక్కన ఆ పని చేయవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

పాత యెజ్డీ, జావా వంటి టూ స్ట్రోక్ బండ్లలో గాలి లాగే చోటు ఇంకొకటి ఉంది. వాటిలో మిశ్రమం ముందు ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్ కేసులోకి వెళుతుంది కాబట్టి, క్రాంకుకు ఇరువైపులా ఉండే ఆయిల్ సీళ్లు గట్టిగా లేకపోతే కార్బురేటర్‌ను ఎంత సవరించినా ఐడ్లింగ్ కుదరదు. మాగ్నెటో లేదా డైనమో వైపు సీలు పోతే బయటి గాలి చేరి రేసు తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ లోపలికి చేరి తెల్లని పొగ దట్టంగా వస్తుంది, గేరు ఆయిల్ మట్టం కారణం లేకుండా తగ్గుతూ పోతుంది.

రెండో సలహా, స్క్రూలు బిగించమనడం, నా దృష్టిలో అన్నిటికన్నా నష్టం చేసేది. ఐడ్లింగ్ స్క్రూ బిగిస్తే స్లైడ్ పైకి లేస్తుంది. అప్పుడు స్లో జెట్ మూసుకుపోయినా, స్లైడ్ కింది నీడిల్ జెట్ నుంచి పెట్రోలు అంది బండి నిలుస్తుంది. అంటే రోగం అలాగే ఉండి, లక్షణం మాత్రం దాగుతుంది. పలుచని (పెట్రోలు పాలు తక్కువైన) మిశ్రమంతో ఇంజిన్ వేడెక్కడం, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో పేలుళ్లు రావడం దాని తర్వాతి మెట్లు. చేతికి వచ్చిన ఏ పాత బండిలోనైనా ఐడ్లింగ్ స్క్రూ దాదాపు చివరిదాకా లోపలికి పోయి ఉంటే, ఇంతకుముందు ఎవరో ఏదో కప్పిపుచ్చారని నేను అనుకుంటాను.

మిక్చర్ స్క్రూ బిగిస్తే మైలేజీ వస్తుందన్నది ఏ స్క్రూ గురించి చెబుతున్నారో తెలియకుండా అన్న మాట. ఆ స్క్రూ స్లైడ్‌కు ఎయిర్ ఫిల్టర్ వైపున ఉంటే అది గాలిని సరిచేసేది. ఇంజిన్ వైపున ఉంటే పెట్రోలును సరిచేసేది. పాత బుల్లెట్లకు వచ్చిన మిక్‌కార్బ్ వీఎం 24 కార్బురేటర్‌లో ఉన్నది గాలి స్క్రూ. దాన్ని బిగిస్తే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరుగుతుంది. సందేశం చెప్పినదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. పైగా ఈ స్క్రూ ప్రభావం ఐడ్లింగ్‌లోనూ యాక్సిలరేటర్ మొదటి ఎనిమిదో వంతులోనూ తప్ప పెద్దగా ఉండదు కాబట్టి, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డులో నిలకడగా పోయే బండి మైలేజీకి దీనితో సంబంధం చాలా తక్కువ.

గాలి స్క్రూను సరిచేసే పద్ధతి వేరు. బండిని పది పదిహేను నిమిషాలు నడిపి వేడెక్కించాలి. స్క్రూను అంచు తగిలేవరకు మాత్రమే మెల్లగా బిగించి, అక్కడి నుంచి చుట్టున్నర విప్పాలి. ఆపైన పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, ప్రతిసారీ ఇంజిన్ స్థిమితపడేదాకా ఆగి, ఎక్కడ దడ ఎక్కువ వేగంగానూ నిలకడగానూ ఉందో గుర్తించి, తర్వాత ఐడ్లింగ్ స్క్రూతో వేగం తగ్గించుకోవాలి. ఈ క్రమంలో స్క్రూ ఇచ్చే సమాచారం విలువైనది. గాలి స్క్రూ దాదాపు పూర్తిగా బిగిస్తే తప్ప బండి నిలవకపోతే పెట్రోలు చాలడం లేదు: స్లో జెట్ మూసుకుపోయి ఉండాలి, లేదా ఎక్కడో గాలి లాగుతూ ఉండాలి. మూడు చుట్లు విప్పితే తప్ప బాగుపడకపోతే పెట్రోలు ఎక్కువవుతోంది: ఫ్లోట్ మట్టం (కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఎత్తు) ఎక్కువగా ఉందేమో, దాన్ని అదుపుచేసే ఫ్లోట్ నీడిల్ కారుతోందేమో చూడాలి. ఎటు తిప్పినా ఇంజిన్ పట్టించుకోకపోతే ఐడ్లింగ్ దారి మొత్తం మూసుకుందన్నమాట. చోక్ వేస్తేనే నిలుస్తున్న బండి కూడా పెట్రోలు తక్కువైన జాబితాలోకే వస్తుంది; అటువంటి బండికి చిన్న జెట్ వేయమనడం ఆకలితో ఉన్నవాడికి ఉపవాసం చెప్పడమే.

సూదితో పొడవడం గురించి లెక్క చెబితే సరిపోతుంది. 25 అంకె ఉన్న స్లో జెట్ రంధ్రం సుమారు పావు మిల్లీమీటరు. జెట్ ఇత్తడిది, సూది ఉక్కుది. పొడిచి ఆ రంధ్రాన్ని 0.25 నుంచి 0.28కి పెంచితే, కంటికి ఏ తేడా కనిపించదు గానీ వైశాల్యం నాలుగో వంతు పెరుగుతుంది. ఇంట్లో పాత ఫ్లెక్సిబుల్ వైరు ముక్క ఉంటే, అందులోని 0.2 మిల్లీమీటరు రాగి పోగు ఒకటి తీసి వాడవచ్చు. రాగి మెత్తన కాబట్టి జెట్‌ను గీకదు. అయితే జెట్ శుభ్రం చేయడంతో పని పూర్తయినట్టు కాదు. జెట్ తర్వాత కార్బురేటర్ దేహంలోనే తొలిచిన సన్నని దారి ఉంటుంది, అది స్లైడ్ కింద గొట్టం నేలలో చీమ కన్నంత రంధ్రాల దగ్గర ముగుస్తుంది. గాలి స్క్రూ తీసేసి ఆ రంధ్రంలోకి క్లీనర్ స్ప్రే కొట్టినప్పుడు అక్కడ సన్నని ధార చిమ్మాలి. ధార రాకపోతే జెట్ ఎంత మెరిసినా ప్రయోజనం లేదు. నెలల తరబడి నిలబెట్టిన బండ్లలో, ముఖ్యంగా ఆయిల్ కలిపిన పెట్రోలు ఆవిరై జిగురు మిగిలిన టూ స్ట్రోక్ బండ్లలో, మూసుకుపోయేది సాధారణంగా ఈ దారే.

ఎత్తు సంగతి. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల పైన ఉంది, నిజమే. కొండ ప్రాంతాల్లో జెట్లు మార్చవలసి రావడమూ నిజమే. ఈ కొద్ది ఎత్తుకు మిశ్రమంలో వచ్చే తేడా రెండు మూడు శాతమే. పైగా మెయిన్ జెట్ పనిచేసేది యాక్సిలరేటర్ ముప్పావు దాటాక. ఐడ్లింగ్‌కు దానితో పనే లేదు.

ఇథనాల్ గురించిన మాటలో కొంత నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మామూలైపోయింది. ఒక కిలో శుద్ధ పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్ కలిసిన ఈ పెట్రోలుకు 13.5 కిలోలు చాలు. పాత కార్బురేటర్‌కు ఈ సంగతి తెలియదు, అది మునుపటి కొలత ప్రకారమే పోస్తుంది. ఫలితంగా మిశ్రమం ఎనిమిది శాతం దాకా పలుచనవుతుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరునూ ఉబ్బిస్తుంది. కాబట్టి ఐడ్లింగ్ అంచు మీద ఉన్న బండి ఈ పెట్రోలుతో అంచు దాటవచ్చు. కానీ ఆ ఎనిమిది శాతాన్ని స్లో జెట్ ఒక సైజు పెంచో, గాలి స్క్రూ కాస్త బిగించో సర్దుకోవచ్చు. వర్షాకాలంలో బండి నిలిపేటప్పుడు ఫ్లోట్ గిన్నె ఖాళీ చేస్తే నీటి బాధ తగ్గుతుంది. 2019లోనే సిగ్నళ్ల దగ్గర ఆగిపోయిన బండికి కూడా ఇథనాలే కారణమని చెప్పేవారిని మాత్రం ఏమనాలో నాకు తెలియదు.

చివరగా, కార్బురేటర్ నిజంగా అరిగే సందర్భమూ ఉంది. స్లైడ్‌ను దాని గొట్టంలో పెట్టి ముందుకూ వెనక్కూ కదిపితే టకటకమని ఆడుతూ, స్లైడ్ పక్కల మెరుపు చారలు కనిపిస్తూ, పైన చెప్పినవన్నీ సరిగా ఉన్నా ఐడ్లింగ్ ఒక్కో కిక్కుకు ఒక్కో తీరుగా నిలుస్తుంటే, అప్పుడు పుత్లిబౌలికో రాణీగంజ్‌కో వెళ్లి మరొకటి కొనడం న్యాయమే. కొనేటప్పుడు ఫ్లోట్ గిన్నె విప్పి, జెట్ల మీది అంకెలు మీ పాతవాటితో పోల్చుకోవాలి. పైకి ఒకేలా కనిపించే నకళ్లలో ఆ అంకెలే తేడాగా ఉంటాయి.

మా వీధి పెద్దాయన బుల్లెట్‌కు ఉస్తాద్ చదునైన బేకలైట్ ముక్కా, రెండు కొత్త ప్యాకింగులూ వేసి, పాత కార్బురేటర్‌నే తిరిగి బిగించారు. ఇప్పుడు సిగ్నల్ దగ్గర బండి నిలుస్తోంది. కొన్న కార్బురేటర్‌ను వాపసు ఇద్దామని తీసుకెళ్తే, ఒకసారి బిగించిన సామాను తీసుకోబోమని దుకాణంవారు చెప్పారట. అది ఆయన ఇంట్లో డబ్బాలోనే ఉంది.