వంజరం డబ్బాలో ఎలుక

(విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఒక ఫ్లాటు. మనవడు పరీక్షలకని హాస్టలుకు వెళుతూ, తాను పెంచుకునే బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువ పిల్లను తాతగారికి అప్పగించి పోయాడు. దాని ముద్దుపేరు బంగారం. తాతగారు పోర్టులో లెక్కల గుమాస్తాగా, మామ్మగారు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైనవారు. వంటింటి మీద అధికారం ఎవరిదన్న సంగతి మాత్రం ఆ ఇంట్లో నేటికీ తేలలేదు.)

భార్య: ఏమండీ, వంటగట్టు మీద నా వంజరం చేపల డబ్బాలో ఉన్నది ఏమిటో సెలవిస్తారా? దానికి తోక, మీసాలు కూడా ఉన్నాయి.

భర్త: అది బంగారం భోజనం. ఫ్రీజరులోంచి ఇప్పుడే తీశాను. ఇంకా రాయిలా ఉన్నది కనుక, మైక్రోవేవులో ఒక్క నిమిషం తిప్పుదామని అనుకుంటున్నాను.

భార్య: అందులో ఎలుకను పెడితే ఒక పక్క ఉడికి, ఒక పక్క గడ్డగానే ఉండి, నడుమ పొట్ట పేలుతుంది. రేపు అందులోనే మీకు ఉప్మా వేడి చేసి పెట్టమంటారా?

భర్త: ఫిషింగ్ హార్బరు నుంచి తెచ్చిన చేపను నువ్వు ఇదే గట్టు మీద, ఇదే డబ్బాలో కరిగిస్తావు. చేపకు లేని మడి ఎలుకకు ఎందుకు?

భార్య: చేపను నేను పులుసులో మరగబెడతాను. ఎలుకకు పులుసు పెట్టను కదా!

భర్త: ఇన్నాళ్ళు గడ్డకట్టిన దానిలో క్రిములు ఎలా బతుకుతాయే?

భార్య: లంబసింగి చలికి మీరు రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్నారే, సాల్మొనెల్లా అనే క్రిమి కూడా అలాగే పడుకుంటుంది కానీ చావదు. మంచు కరగగానే లేచి కూర్చుంటుంది. ఎలుక పైకి ఎంత శుభ్రంగా కనబడినా దాని పేగులలోనూ, బొచ్చు మీదా ఆ క్రిమి ఉండవచ్చు. అది మీ చేతికీ, చేతి నుంచి గట్టుకూ, గట్టు మీది నుంచి నా కొత్తిమీరకూ పాకిందంటే, మనిద్దరికీ జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు తప్పవు. మన వయసు వాళ్ళకూ, ఐదేళ్ళ లోపు పిల్లలకూ అది మరీ ప్రమాదం. అందుకని పక్కింటి పాప పామును చూస్తానని వస్తే, ఈ వేళ లోపలికి రానివ్వకండి.

భర్త: సరే, నర్సమ్మగారూ, చిత్తం. ఏమి చేయమంటావో చెప్పు.

భార్య: రాత్రే మూత గట్టిగా పడే వేరే డబ్బాలో వేసి, ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలో పెట్టి ఉంటే ఈపాటికి నెమ్మదిగా కరిగి ఉండేది. ఇప్పుడు ఆ జిప్పు కవరులోనే ఉంచి, స్నానాలగదిలోని పాత మగ్గులో చన్నీళ్ళు పోసి ముంచండి. పూర్తిగా కరిగాక చివరి కొద్ది నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో ఉంచండి. పాము పెదవుల మీది గుంటలు ఎర వేడిని పసిగడతాయని మనవడు చెప్పాడు కదా, చల్లటి ఎలుకను అది ఎరగా లెక్కించదు.

భర్త: నాకైతే నిన్నటి చల్లటి ఉప్మా కూడా ఎరే.

భార్య: మగ్గులో నీళ్ళు వంటింటి సింకులో కాదు, మరుగుదొడ్డిలో పారబోయండి. నా చేతిలో ఉన్న ఈ పట్టకారు మాత్రం ఇవ్వను!

(గంటన్నర తరువాత. పట్టకారు పాము పరమైంది. ఆవిడ తలుపు దగ్గర నిలబడి, గాజుపెట్టెలోకి తొంగి చూస్తున్నారు. ఆయన పట్టకారుతో ఎలుక తోకను పట్టి ఊపుతున్నారు. బంగారం నాలుక రెండుసార్లు ఆడించి, తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకున్నది. ఈ జాతికి బాల్ పైథాన్, అంటే బంతి కొండచిలువ, అన్న పేరు వచ్చింది ఈ అలవాటు వల్లనే.)

భర్త: తినదట. నాగుల చవితికి పుట్టలో పోసినట్లు కాసిని పాలు పోసి చూద్దామా?

భార్య: పాలు పాము ఆహారం కాదండీ. ఈ జాతి పాములు ఒక్కోసారి వారాల తరబడి తినవు, కనుక కంగారు పడనక్కరలేదు. వారం తరువాత మళ్ళీ చూద్దాం.

భర్త: అయితే ఎలుకను మళ్ళీ ఫ్రీజరులో పెట్టేస్తాను. పరాయి సొమ్ము, వృథా చేయడం ఎందుకు?

భార్య: ఫ్రిజ్ తలుపు ముట్టుకోకండి! ఒకసారి కరిగిన దానిని మళ్ళీ గడ్డకట్టించకూడదు. రెండు కవర్లలో మూటకట్టి చెత్తలో వేయండి. తరువాత ఆ నేలను సబ్బునీళ్ళతో తుడిచి, ఆపైన బ్లీచింగ్ నీళ్ళతో తుడవండి. అప్పుడు చేతులు.

భర్త: తొడుగులు వేసుకున్నాను కదా!

భార్య: తొడుగులు తీసేటప్పుడు అంటుకోదా? సబ్బుతో ఇరవై సెకన్లు తగ్గకుండా రుద్దాలి. ఎన్ని సెకన్లైందో మీ లెక్క మీద నాకు నమ్మకం లేదు కనుక, పంతొమ్మిదో ఎక్కం పైకి చదువుతూ రుద్దండి.

భర్త: (స్నానాలగదిలోంచి) పంతొమ్మిది ఆరులు నూట పద్నాలుగు... పంతొమ్మిది ఏడులు నూట ముప్పై మూడు... పంతొమ్మిది ఎనిమిదులు నూట నలభై రెండు...

భార్య: నూట యాభై రెండు. సబ్బు మళ్ళీ తీసుకుని మొదటి నుంచి చదవండి.